వెళ్లేవాళ్లు చెప్పాలి, వచ్చేవాళ్లు రాయాలి

ఎవరైనా రాజీనామా పెట్టారనగానే టీములో మొదట వినిపించే ప్రశ్న: "కేటీ ఎవరికిస్తున్నారు?" వెళ్లేవాళ్లు తమకు తెలిసిన పనిని వచ్చేవాళ్లకు నేర్పి అప్పగించడాన్ని హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అని పూర్తిగా అనేవాళ్లు తక్కువ, కేటీ అంటే చాలు. అదెలా జరుగుతుందో కూడా అందరికీ తెలిసిందే. రోజుకో గంట చొప్పున పది మీటింగులు పెడతారు. వెళ్లేవాళ్లు స్క్రీన్ షేర్ చేసి మాట్లాడుతూ పోతారు. వచ్చేవాళ్లు మైకు మ్యూట్‌లో పెట్టుకుని వింటారు. ఆఖరి ఐదు నిమిషాల్లో "ఏమైనా డౌట్లున్నాయా?" అని అడిగితే "లేవండి, అంతా క్లియర్" అంటారు. ట్రాకర్ షీటులో ఆ గడి ఆకుపచ్చగా మారుతుంది. వెళ్లాల్సినవాళ్లు వెళ్లిపోయిన మూడో వారం, రాత్రి రెండింటికి ఒక జాబ్, అంటే దానంతటదే నడవాల్సిన ప్రోగ్రాము, ఆగిపోతుంది. పది గంటల రికార్డింగులో దాని గురించి ఎక్కడ చెప్పారో వెతకడానికి అప్పుడు టైముండదు. చాలాసార్లు అసలు చెప్పి కూడా ఉండరు.

"డౌట్లు లేవు" అన్నవాళ్లు అబద్ధమాడలేదు. చేసి చూడని పనిలో డౌట్లు పుట్టవు. చెయ్యి పెట్టాకే, చెయ్యి ఆగిపోయాకే ప్రశ్న వస్తుంది. మనం కేటీని నడిపే తీరు మాత్రం ఆ చెయ్యి పెట్టే ఘడియను, తెలిసిన మనిషి గేటు దాటిపోయాక వచ్చేలా ఏర్పాటు చేస్తోంది. నేను వ్యతిరేకించేది దీన్నే. మాట్లాడేది వెళ్లేవాళ్లయినా, రాసే కీబోర్డు మొదటి రోజు నుంచీ వచ్చేవాళ్ల చేతుల్లోనే ఉండాలి. డాక్యుమెంటు వాళ్లే రాయాలి. వెళ్లేవాళ్లు దాన్ని దిద్దాలి. ఇప్పుడు దాదాపు అన్నిచోట్లా దీనికి సరిగ్గా తిరగేసి జరుగుతోంది.

"రీస్టార్ట్ చేయండి" అనే వాక్యం

ఒక చిన్న ఉదాహరణను దగ్గర్నుంచి చూద్దాం. చెల్లింపుల వ్యవస్థ ఒకటి ఉంది. రోజూ రాత్రి బ్యాంకు నుంచి ఫైలు వస్తుంది, దాన్ని ఒక జాబ్ లోడు చేస్తుంది. ఐదేళ్లుగా ఆ పని చూస్తున్న ఇంజినీరు వెళ్లిపోతూ డాక్యుమెంటులో ఇలా రాశారు: "లోడు ఫెయిలైతే జాబ్‌ను రీస్టార్ట్ చేయండి." వాక్యంలో తప్పేమీ లేదు.

కానీ రీస్టార్ట్ నొక్కేముందు ఆ మనిషి చేసే పనులు వేరే ఉన్నాయి. ముందు ఫైలు సైజు చూస్తారు. నెలాఖరు రోజున మామూలుగా వచ్చేదాంట్లో సగమే ఉంటే, ఫైలు ఇంకా వస్తోందని అర్థం, ఆగాలి. తర్వాత ఫైలు ఆఖరి వరుసలో ఉండే మొత్తం లావాదేవీల సంఖ్యను, లోపలున్న వరుసల లెక్కతో సరిచూస్తారు. ఆ తర్వాత స్టేజింగ్ టేబుల్లో, అంటే ఫైలులోని సమాచారం మొదట తాత్కాలికంగా దిగే పట్టికలో, ఎన్ని వరుసలు పడ్డాయో ఒక క్వెరీ కొట్టి చూస్తారు. సున్నా అయితే నేరుగా రీస్టార్ట్ చెయ్యొచ్చు. సున్నా కాకపోతే ముందు టేబుల్ ఖాళీ చేసి, మొదటి స్టెప్పు నుంచి నడపాలి. అది చెయ్యకుండా జాబ్ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మొదలెడితే అప్పటికే పడిన లావాదేవీలు రెండుసార్లు పోస్టవుతాయి. జాబ్ మాత్రం సక్సెస్ అనే చూపిస్తుంది. తెల్లారి అకౌంట్స్ వాళ్లు ఫోన్ చేసేదాకా ఎవరికీ తెలియదు.

ఇవేవీ డాక్యుమెంటులో లేవు. ఆ ఇంజినీరు దాచిపెట్టారని అనుకోవడం అన్యాయం. వందసార్లు చేసిన చేతికి అవి స్టెప్పులుగా కనబడవు, రీస్టార్ట్ అనే ఒక్క మాటలో కలిసిపోతాయి. వంట చేయి తిరిగినవాళ్లను పోపు ఎప్పుడు దించాలని అడగండి, "వాసన రాగానే" అంటారు. వాళ్లకది పూర్తి సమాధానమే. ఏ వాసన, మెంతులదా ఇంగువదా అన్నది నేర్చుకునేవాళ్ల ప్రశ్న. అది పొయ్యి దగ్గర నిలబడ్డాకే నోటికొస్తుంది.

దీన్ని 1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ చాలా సులువైన ప్రయోగంతో చూపించారు. కొందరిని బల్ల మీద వేళ్లతో అందరికీ తెలిసిన పాటల వరస తట్టమన్నారు. ఎదుటివాళ్లు పాటేదో గుర్తుపట్టాలి. సగం మందైనా గుర్తుపడతారని తట్టినవాళ్లు అంచనా వేశారు. తట్టిన 120 పాటల్లో గుర్తుపట్టింది మూడే. తట్టేవాళ్ల తలలో పాట మొత్తం మోగుతూ ఉంటుంది, వినేవాళ్లకు అందేది టకటకలు మాత్రమే. కేటీ మీటింగులో మ్యూట్‌లో ఉన్న మనిషికి అందేదీ అదే. అందుకే "డాక్యుమెంటు ఇంకా వివరంగా రాయండి" అని వెళ్లేవాళ్ల మీద ఒత్తిడి తెస్తే పేజీలు పెరుగుతాయి తప్ప లోటు తీరదు. ఏది వదిలేస్తున్నారో వాళ్లకు కనబడదు కాబట్టి.

వచ్చేవాళ్లు రాస్తే ఏమవుతుందో చూడండి. టెస్ట్ సర్వర్లో జాబ్‌ను కావాలనే ఫెయిల్ చేస్తారు. కొత్త మనిషి కీబోర్డు ముందు, పాత మనిషి పక్క కుర్చీలో, మాట్లాడకుండా. కొత్త మనిషి మౌస్ రీస్టార్ట్ దాకా వెళ్లి ఆగుతుంది: "ఏ స్టెప్పు నుంచండీ?" పాత మనిషి అంటారు: "అబ్బే, ముందు టేబుల్ చూడాలి." ఆ "అబ్బే" ఉంది చూశారూ, కేటీ అంతా ఆ మాటలో ఉంది. అది వినబడిన ప్రతిసారీ కొత్త మనిషి ఒక వరుస రాసుకోవాలి. అలా పుట్టిన డాక్యుమెంటు తెలియనివాళ్ల కోసం, మొన్నటిదాకా తెలియనివాళ్లు రాసింది అవుతుంది. తర్వాత చదవబోయేదీ అలాంటివాళ్లే.

ముడి పాఠం

ఇదేమీ కొత్తగా కనిపెట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా కర్మాగారాల్లోకి, అంతకుముందు మిషను ముట్టుకోనివాళ్లు లక్షల్లో వచ్చిపడ్డారు. వాళ్లకు పని నేర్పే సూపర్‌వైజర్ల కోసం ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అనే ప్రభుత్వ కార్యక్రమం 1940లో మొదలై 1945 దాకా నడిచింది. అందులో పని నేర్పే పద్ధతి మీద ఒక కోర్సు ఉండేది. రెండేసి గంటల చొప్పున ఐదు క్లాసులు, అంతే.

మొదటి క్లాసులోనే ఒక ముడి పాఠం ఉండేది. బల్బు హోల్డరు లోపల రెండు వైర్లకు కలిపి ఎలక్ట్రీషియన్లు వేసే ముడి, కింద వైరు లాగినా ఆ బరువు స్క్రూల మీద పడకుండా ఆపేది. శిక్షకుడు ముందు ఆ ముడి ఎలా వెయ్యాలో నోటితో మాత్రమే చెబుతాడు. వెయ్యమంటే ఎవరికీ రాదు. తర్వాత మాట్లాడకుండా చేసి చూపిస్తాడు. అప్పుడూ రాదు, ఎదురుగా కూర్చున్నవాళ్లకు కుడిఎడమలు తారుమారవుతాయి. చెప్పడం ఒక్కటే చాలదు, చూపించడం ఒక్కటే చాలదు అన్నది అక్కడున్న సూపర్‌వైజర్లు తమ చేతులతోనే తెలుసుకునేవారు. మన కేటీ మీటింగులో ఈ రెండూ కలిపి జరుగుతున్నాయి కదా అనుకోవచ్చు. కానీ ఆ పద్ధతి అక్కడితో ఆగలేదు, అసలు బలం తర్వాతి మెట్టులో ఉంది.

నాలుగు మెట్లు. మనిషిని సిద్ధం చెయ్యడం, పని చూపించి చెప్పడం, చేయించడం, తర్వాత కనిపెట్టి ఉండటం. మూడోదాన్ని చాలామంది సగమే చేస్తారు. నేర్చుకునేవాళ్లు ముందు పని చేస్తారు, తప్పుంటే అక్కడికక్కడే దిద్దాలి. తర్వాత అదే పని మళ్లీ చేస్తూ, ఈసారి ప్రతి కీలకాంశాన్ని వాళ్లే నోటితో చెప్పాలి. నేర్పేవాళ్లకు నమ్మకం కుదిరేదాకా ఇలా చేయిస్తూనే ఉండాలి. నేర్చుకునేవాడు నేర్చుకోలేదంటే నేర్పేవాడు నేర్పలేదనే అర్థం అన్నది ఆ కార్యక్రమం పెట్టుకున్న సూత్రం. యుద్ధం అయ్యాక ఈ పద్ధతి జపాన్‌కు వెళ్లింది, టొయోటా దాన్ని తన పని నేర్పే విధానంగా చేసుకుంది.

టొయోటా పద్ధతిలో వాడే కాగితం మూడు నిలువు వరుసలది: ముఖ్యమైన స్టెప్పు, కీలకాంశం, కారణం. పని చెడగొట్టేది, మనిషికి దెబ్బ తగిలించేది, పనిని తేలిక చేసే కిటుకు, ఈ మూడింటిలో ఏదో ఒకటైతేనే కీలకాంశం. మన ఉదాహరణలో స్టెప్పు "స్టేజింగ్ టేబుల్ చూడటం". కీలకాంశం "సున్నా కాకపోతే ఖాళీ చెయ్యాలి". కారణం "లేకపోతే రెండుసార్లు పోస్టవుతుంది, జాబ్ చెప్పదు".

ఈ మూడో వరుస గురించి గట్టిగా చెప్పాలి. మన డాక్యుమెంట్లలో దాదాపు ఎప్పుడూ ఖాళీగా ఉండేది ఇదే. కారణం తెలియనివాళ్లు రెండే పనులు చెయ్యగలరు: అవసరం తీరిపోయిన స్టెప్పును ఏళ్ల తరబడి మొక్కుబడిగా చేస్తూ పోవడం, లేదా ఇదెందుకులే అని అవసరమైన స్టెప్పును తీసేయడం. రేపు బ్యాంకు ఫైలు పద్ధతి మారితే ఆ టేబుల్ ఖాళీ చెయ్యాలా వద్దా అన్నది కారణం తెలిసినవాళ్లే తేల్చగలరు.

తెలిసినవాళ్లకూ తెలియనిది

అమెరికా అణ్వస్త్రాల్లో వాడే ఫాగ్‌బ్యాంక్ అనే పదార్థం కథ ఈ విషయం పట్టించుకునే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సింది. టెనెసీ రాష్ట్రం ఓక్ రిడ్జ్‌లో 1975 నుంచి 1989 దాకా దాన్ని తయారు చేశారు. తర్వాత ఆ ఏర్పాట్లు ఎత్తేశారు. 2000 ప్రాంతంలో పాత వార్‌హెడ్లను పునరుద్ధరించాలని నిర్ణయించాక, దాన్ని మళ్లీ తయారు చెయ్యడం ఎవరికీ రాలేదు. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2009 నివేదికలో చెప్పిన కారణాలు రెండు: రికార్డులు సరిగా ఉంచలేదు, తెలిసిన సిబ్బంది దాదాపు అందరూ రిటైరయ్యారు లేదా వెళ్లిపోయారు. ఈ చిక్కు విప్పడానికి కోట్ల డాలర్లు పోశారు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఆ తర్వాతి సంగతి. కొత్తగా తయారు చేసిన సరుకు పాతదానిలా పనిచెయ్యలేదు. తవ్వి చూస్తే, పాత రోజుల్లో ఒక ముడిసరుకులో ఉండిపోయిన మలినం వల్లే ఆ పదార్థానికి కావాల్సిన గుణం వచ్చేదని తేలింది. కొత్త పద్ధతిలో శుద్ధి బాగా చేస్తుండటంతో ఆ మలినం పోయింది. మొదట తయారు చేసినవాళ్లకే దాని సంగతి తెలియదు. అంటే వాళ్లను కూర్చోబెట్టి ఎన్ని గంటలు రికార్డు చేసినా అది బయటికొచ్చేది కాదు. పాత మనుషులు పక్కన ఉండగా కొత్త చేతులు మొదటి నుంచి ఒక్కసారి తయారు చేసి ఉంటే, సరుకు తేడా అప్పుడే కనబడేది, వెతకడానికి మనుషులూ ఉండేవారు.

1970ల మొదట్లో బ్రిటన్‌లో హ్యారీ కాలిన్స్ అనే సామాజిక శాస్త్రవేత్త ఇలాంటిదే లేజర్ ప్రయోగశాలల్లో గమనించాడు. టీఈఏ అనే ఒకరకం లేజర్‌ను కట్టాలని అనేక ల్యాబులు ప్రయత్నించాయి. అచ్చయిన వ్యాసాలు అందరి దగ్గరా ఉన్నాయి. వ్యాసాలు మాత్రమే చదివి కట్టినవాళ్లలో ఒక్కరికీ అది పనిచెయ్యలేదు. అప్పటికే పనిచేయించిన ల్యాబుతో రాకపోకలున్నవాళ్లే కట్టగలిగారు. ఆ వ్యాసాలు రాసినవాళ్లూ చదివినవాళ్లూ శాస్త్రవేత్తలే. మన టీము డాక్యుమెంట్లు పెట్టుకునే విక్కీ పేజీ అంతకన్నా బాగా పనిచేస్తుందని ఆశించడానికి నాకు కారణం కనిపించదు.

ఆరు వారాల లెక్క

చాలా ఐటీ కంపెనీల్లో నోటీసు 60 నుంచి 90 రోజులు. వినడానికి బోలెడంత టైము. కానీ వెళ్లే మనిషిని ఆపే ప్రయత్నాలతో కొన్ని వారాలు, బదులు మనిషిని వెతకడంతో ఇంకొన్ని వారాలు పోయి, ఇద్దరూ కలిసి ఉండేది ఆఖరి పది పదిహేను రోజులే. కాబట్టి మేనేజరు చెయ్యాల్సిన మొదటి పని, శాశ్వతంగా ఎవరొస్తారో తేలేదాకా ఆగకుండా టీములోనే ఒకరిని మొదటి వారంలో పక్కన కూర్చోబెట్టడం. ఆరు వారాలు, అంటే 30 పనిదినాలు దొరికితే పని సాఫీగా అవుతుంది.

మొదటి మూడు రోజులు చెప్పడాలేవీ వద్దు, ఏమేం పనులున్నాయో పట్టిక వెయ్యాలి. జ్ఞాపకం మీద వేస్తే రోజువారీ పనులే వస్తాయి. ఏడాదికోసారి వచ్చేవే కొంప ముంచుతాయి. అందుకే గత 12 నెలల క్యాలెండరు, పంపిన మెయిళ్లు, టికెట్లు (టీముకు వచ్చిన ఫిర్యాదులు, పనుల నమోదులు) నెలనెలా తిరగెయ్యాలి. మార్చి 31 ముగింపు పనులు, సర్టిఫికెట్ల రెన్యువల్, లైసెన్సులు, ఆడిటర్లకిచ్చే రిపోర్టులు అప్పుడు బయటపడతాయి. అకౌంట్స్ విభాగమైతే మామూలుగా నెలనెలా 7న టీడీఎస్ కట్టడం, 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బీ రిటర్నులు అని తేదీలు అందరికీ తెలిసినవే. ఏ బ్రాంచి ఇన్‌వాయిస్ ప్రతిసారీ ఆలస్యంగా వస్తుంది, ఎవరికి ఏ రోజు ఫోన్ చేస్తే వస్తుంది అన్నది మాత్రం ఆ సీటులో కూర్చున్నవాళ్లకే తెలుసు.

ఆ మూడు రోజుల్లోనే పాస్‌వర్డులు, యాక్సెస్‌ల సంగతి తేల్చాలి. అనుమతులు రావడానికి రెండు వారాలు పట్టడం మామూలే, అవి రాకపోతే కొత్తవాళ్లు చేతులు కట్టుకుని చూడాల్సిందే. ముఖ్యంగా ఓటీపీలు చూడండి. వెండర్ పోర్టల్, డొమైన్ రిజిస్ట్రేషన్, ఏదో ఒక ప్రభుత్వ సైటు లాగిన్ వెళ్లిపోయే మనిషి సొంత ఫోన్ నంబరుతో ముడిపడి ఉంటుంది. ఆరు నెలల తర్వాత ఆ మనిషికి ఫోన్ చేసి "ఒక్క ఓటీపీ చెబుతారా" అని బతిమాలే పరిస్థితి రాకూడదు.

నాలుగో రోజు నుంచి పన్నెండో రోజు దాకా పాతవాళ్లు పని చేస్తుంటే కొత్తవాళ్లు పక్కనుండి చూస్తూ రాస్తారు. ఏ రోజు రాసింది ఆ రోజు సాయంత్రమే పాతవాళ్లు దిద్దాలి. 15 నిమిషాలు చాలు, మర్నాటికి వాయిదా వేస్తే అది ఇక జరగదు. పదమూడో రోజు నుంచి పాత్రలు మారాలి. పని కొత్తవాళ్లది, పాతవాళ్లు పక్కన. ఇది కనీసం రెండు వారాలు ఉండాలి, దాంట్లో ఒక నెలాఖరు తప్పకుండా పడేలా తేదీలు చూసుకోవాలి. ఆ రోజుల్లో పాతవాళ్లకు అతి కష్టమైన పని నోరు కట్టుకోవడం. కొత్తవాళ్లు తడబడగానే మౌస్ లాక్కుని చేసేస్తారు. ప్రేమతోనే చేస్తారు, కానీ ఆ ఒక్క క్షణంలో నేర్చుకునే అవకాశం పోతుంది. ప్రొడక్షన్, అంటే నిజంగా నడుస్తున్న వ్యవస్థ, దెబ్బతినేలా ఉంటే తప్ప చెయ్యి పెట్టకూడదన్న నియమం ముందే పెట్టుకోవాలి.

తర్వాత ఐదు రోజులు పాతవాళ్లు ఉండీ లేనట్టుండాలి. యాక్సెస్ తీసెయ్యాలి, ఫోన్ ఎత్తకూడదు, చాట్‌లో జవాబివ్వకూడదు. కొత్తవాళ్లకు తగిలిన ప్రతి అడ్డంకినీ ఒక పేజీలో రాసుకుంటూ పోవాలి. ఈ ఐదు రోజులకు ఒప్పుకోని మేనేజర్లు చాలామంది. రిస్కు అంటారు. ఆ మనిషి వెళ్లాక ఎటూ ఆ రిస్కు వస్తుంది. ఇప్పుడైతే దాన్ని విప్పగలిగే మనిషి ఇంకా బిల్డింగులో ఉన్నారు. మిగిలిన రోజులన్నీ ఆ పేజీలోని ఖాళీలు పూరించడానికి.

మధ్యలో రెండు గంటలు వేరేగా తీసి ఉంచుకోండి, చెడిపోయిన రోజుల గురించి అడగడానికి. "ఈ పని ఎలా చేస్తారు?" అని అడిగితే డాక్యుమెంటులో ఉన్నదే మళ్లీ చెబుతారు. "పోయినసారి ఇది బాగా చెడింది ఎప్పుడు?" అని అడగండి. నిర్ణయాలు తీసుకునే తీరు మీద పరిశోధించిన గ్యారీ క్లైన్ అగ్నిమాపక దళాల అధికారుల దగ్గర ఇలాగే రాబట్టాడు. ఒక్క సంఘటన తీసుకుని, మొదట ఏది చూసి అనుమానం వచ్చింది, ఏది కాదని తీసేశారు, అదే చోట కొత్తవాళ్లుంటే ఏ పొరపాటు చేసేవారు అని గంట గంట చొప్పున వెనక్కి నడవాలి. మూడు సంఘటనలు ఇలా తవ్వితే మిగతా కేటీలో రానిది వస్తుంది.

ఛార్జి పట్టికలో లేని వాల్వులు

ప్రభుత్వ కార్యాలయాల్లో దీనికి పాత పేరుంది, ఛార్జి అప్పగించడం. ఇద్దరూ సంతకాలు పెడతారు. తాళంచెవులు, నగదు పుస్తకం, రిజిస్టర్లు, బీరువాలు పేరుపేరునా పట్టికలో ఉంటాయి. వస్తువుల విషయంలో అంత పకడ్బందీ పద్ధతి ప్రైవేటు కంపెనీల్లో కూడా కనబడదు, దాన్ని తక్కువ చెయ్యను. కానీ పంచాయతీ మంచినీళ్ల పథకం సంగతి చూడండి. పట్టికలో గేట్ వాల్వులు ఇన్ని అని ఉంటుంది. ఏ వాల్వు ఏ రోడ్డు కింద ఉంది, ఏది ఎన్ని చుట్లు తిప్పితే చివరి వీధికి నీళ్లెక్కుతాయి, ఏది పూర్తిగా మూస్తే పాత పైపు పగులుతుంది అన్నది పంపు ఆపరేటర్ తలలో ఉంటుంది. బదిలీలపై నిషేధం ఎత్తేసినప్పుడు కార్యదర్శులు ఒకేసారి మారిపోతారు. ఆపరేటర్ కూడా మానేస్తే ఇక రోడ్డు తవ్వి వెతకడమే. కొత్త కార్యదర్శి ఛార్జి తీసుకున్న వారంలోనే ఒక తెల్లవారుజామున, నీళ్లు వదిలే టైముకి, ఆపరేటర్ వెంట నడవాలి. ప్రతి వాల్వు గుంత మీద పెయింటుతో నంబరు వేయించాలి. మ్యాపు ఆపరేటర్‌ను గీయమనకూడదు, తనే గీసి అతనికి చూపించి దిద్దించుకోవాలి. ఒక్క పూట పని.

మన దగ్గరే దీన్ని పెద్ద ఎత్తున సరిగ్గా చేసి చూపించినవాళ్లూ ఉన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) 2000లో మొదలయ్యాక, డ్వాక్రా సంఘాల్లో ఎదిగిన మహిళలే కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లుగా, సీఆర్పీలుగా, వేరే ఊళ్లకు వెళ్లి సంఘాలు కట్టించారు. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చాక ఇక్కడి మహిళలు భాష రాని ఇతర రాష్ట్రాలకూ వెళ్లారు. కరపత్రం పంపితే కాని పని ఇది. వాళ్లు ఆ ఊళ్లోనే రోజుల తరబడి ఉండిపోయి, క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తకాలు రాయడం అనే పంచసూత్రాలను దగ్గరుండి చేయించారు. అవతలివాళ్ల పుస్తకం అవతలివాళ్ల చేత రాయించడం అన్నది అక్కడ ఎవరూ వాదించాల్సిన విషయమే కాలేదు.

టైము లేదు, వీడియో ఉంది, చెబితే విలువ పోతుంది

ఇలా చెయ్యడానికి టైము లేదన్న అభ్యంతరం ముందు. పిల్లల ఆసుపత్రుల్లో ఒక షిఫ్టు డాక్టర్లు తర్వాతి షిఫ్టుకు రోగులను అప్పగించే పద్ధతి మీద జరిగిన అధ్యయనం 2014లో అచ్చయింది. అమెరికా, కెనడాల్లో 9 ఆసుపత్రులు, 10,740 అడ్మిషన్ల లెక్క. ఐపాస్ అనే క్రమం: జబ్బు తీవ్రత, రోగి సంగతి, చెయ్యాల్సిన పనులు, ఇలా జరిగితే అలా చెయ్యాలన్న ముందుజాగ్రత్త, ఆఖర్న తీసుకునేవాళ్లు తమకు అర్థమైంది తిరిగి చెప్పడం. వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం తగ్గాయి, రోగికి జరిగే నివారించదగ్గ హాని 30 శాతం తగ్గింది. అప్పగింతకు పట్టిన టైములో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. తిరిగి చెప్పించడానికి పట్టేది కొద్దిసేపే. ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా చమురు వేదిక మీద 1988 జులై 6 రాత్రి, మరమ్మతులో ఉన్న పంపుకు సేఫ్టీ వాల్వు తీసేసి ఉందన్న సంగతి పగటి షిఫ్టు నుంచి రాత్రి షిఫ్టుకు అందలేదు. ఆ పంపునే ఆన్ చేశారు. ఆ ప్రమాదంలో 167 మంది చనిపోయారు. వాల్వు తీసిన కాగితం ఉంది. ఆ పంపు మీద చెయ్యి వెయ్యబోయే మనిషికి అది చేరలేదు.

వీడియోలకు నేను పూర్తి వ్యతిరేకిని కాను. మూడు నుంచి ఐదు నిమిషాలు, ఒక్క పనే, ఫైలు పేరు ఆ పని పేరే అయితే బంగారంలాంటిది. గంట నిడివి మీటింగు రికార్డింగు మాత్రం ఎవరూ తెరవని బీరువా. రికార్డింగు నుంచి ఏఐ చేత సారాంశం రాయించడం ఇప్పుడు చాలాచోట్ల మొదలైంది. చెప్పినదాన్ని అది చక్కగా సర్దిపెడుతుంది. చెప్పకుండా వదిలేసినదాన్ని అదీ చెప్పలేదు, పైగా పేజీ అంత నీటుగా కనిపించేసరికి ఖాళీలున్నాయన్న అనుమానమే రాదు.

ఇక చెబితే తన విలువ పోతుందన్న భయం. ఇది నిజమైన భయమే, దాన్ని స్వార్థమని తీసిపారెయ్యకూడదు. పని నేర్పించాక పక్కకు తప్పించిన అనుభవం చుట్టుపక్కల ఎవరికో ఒకరికి జరిగే ఉంటుంది. దీనికి మందు మేనేజరు దగ్గరే ఉంది. కేటీ ఇచ్చే వారాల్లో మామూలు టికెట్లు సగానికి తగ్గించాలి, నేర్పడం అప్రైజల్లో ఒక వరుసగా ఉండాలి, నేర్పినవాళ్ల పేరు కనబడాలి. జిరాక్స్ కంపెనీలో కాపీ మిషన్లు బాగుచేసే టెక్నీషియన్లు తాము కనిపెట్టిన చిట్కాలను పంచుకోవడానికి 1990లలో యురేకా అనే వ్యవస్థ వచ్చింది. చిట్కాను తోటి టెక్నీషియన్లే పరీక్షించి ఒప్పుకున్నాక, రాసినవాళ్ల పేరుతో అందరికీ పోయేది. డబ్బు బహుమతుల కన్నా ఆ పేరే వాళ్లను రాయించింది. మన డాక్యుమెంట్లలో "నేర్పినవారు, రాసినవారు" అని రెండు పేర్లు పైనే పెట్టడానికి ఖర్చేమీ లేదు.

మనిషి అప్పటికే వెళ్లిపోతే

ఎక్కువమందికి ఎదురయ్యే పరిస్థితి ఇదే. సీటు ఖాళీ, ఫోల్డరులో నాలుగు ఫైళ్లు. అప్పుడు కొత్తవాళ్లు మొదట తెరవాల్సింది ఆ మనిషి రాసిన డాక్యుమెంటు కాదు, ఆ మనిషి మూసిన టికెట్లు. ఏడాది టికెట్లలో పదేపదే వచ్చిన పది సమస్యలు తీస్తే పనిలో పెద్ద భాగం అక్కడ కనబడుతుంది. తర్వాత సర్వర్లో మిగిలిన కమాండుల చరిత్ర, పంపిన మెయిళ్లలో "మళ్లీ అదే" అన్న మాట ఉన్నవి. తర్వాత ఆ మనిషి పనిని వాడుకున్న అకౌంట్స్‌వాళ్లను, వెండర్లను, అవతలి టీమును అడగాలి: "వారు మీకు ఏ రోజు ఏం పంపేవారు? రాకపోతే మీరు ఎవరిని అడిగేవారు?"

ఇవన్నీ చేస్తూ మొదటి రోజే ఒక పేజీ తెరిచి పైన "తెలియనివి" అని రాయాలి. ఈ స్క్రిప్టు ప్రతి గురువారం ఎందుకు నడుస్తుంది, ఈ ఫోల్డరులోకి ఫైళ్లు ఎవరు పెడుతున్నారు, ఈ సెట్టింగు 40 ఎందుకు, 50 ఎందుకు కాదు. ఊహించి జవాబు రాసెయ్యకూడదు. ఊహతో రాసిన వాక్యం నిజమైన వాక్యం పక్కన కూర్చుంటే రెండేళ్ల తర్వాత ఎవరూ విడదియ్యలేరు. ప్రతి ప్రశ్నకూ ఎదురుగా దాన్ని తేల్చేవారి పేరు, ఏ తేదీలోగా అన్నది ఉండాలి. ఆ పేజీని టీము వారానికోసారి కలిసి తెరవాలి, తేలినదాన్ని కారణంతో సహా అసలు డాక్యుమెంటులోకి మార్చాలి. తేలనిది తేలనట్టే, ఎర్ర అక్షరాల్లో, తర్వాత ఆ సీటులోకి వచ్చేవాళ్లకు మొదటి పేజీలోనే కనబడేలా ఉంచాలి.